నిండునీళ్ళ మొక్కు

చెన్నై రేవులో సంచులన్నీ ఒక నల్ల పట్టీ మీద పెట్టి మిషన్లోకి పంపుతున్నారు. ఆంజినమ్మ సంచి లోపలికి పోయి అక్కడే ఆగిపోయింది. యూనిఫాం వేసుకున్న మనిషి తెర మీదికి వంగి చూసి, ఈ గుండ్రంగా ఉన్నదేమిటని సైగ చేశాడు. ఆమె సంచి విప్పి టెంకాయ చూపించింది. జుట్టు పీకని టెంకాయ. దాని కింద ఎర్రటి ధర్మవరం పట్టుచీర, రవికగుడ్డ, పసుపు కుంకుమ పొట్లాలు, డజను గాజులు. "పూజకు నాయనా" అని చేతులు జోడించింది. ఆ మనిషికి తెలుగు రాదు గానీ పూజ అన్న మాట అర్థమైంది. నవ్వి పొమ్మన్నాడు. మొగుడు హనుమంతప్ప అప్పటికే ముందుకు పోయి తోటి డీలర్లతో ఫోటోలు దిగుతున్నాడు కాబట్టి ఇదేమీ చూడలేదు. ఆంజినమ్మకు కావలసిందీ అదే.

హనుమంతప్పకు మడకశిరలో ఎరువులు, పురుగుమందుల అంగడి ఉంది. ఆ ఏడు ఒక కంపెనీ మందు అనుకున్నదానికన్నా ఎక్కువ అమ్మినందుకు, డీలర్లందర్నీ పెళ్ళాలతో సహా నాలుగు రోజులు ఓడ మీద తిప్పుతామన్నారు. చెన్నై నుంచి విశాఖపట్నం, అక్కణ్ణుంచి మళ్ళీ చెన్నై. ఆ కబురు వచ్చిన రోజు నుంచి హనుమంతప్ప అంగడికి యూరియా కోసం వచ్చినవాడికి కూడా ఓడ సంగతి చెప్పకుండా మూట ఇవ్వలేదు. ఆంజినమ్మ మాత్రం మొదట రానే రానంది. తోట ఎవరు చూస్తారంది. రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు అన్నం వడ్డిస్తూ ఒక్క మాట అడిగింది.

"సముద్రంలో నీళ్ళు ఎప్పుడూ నిండుగానే ఉంటాయా?"

"నిండుగా కాకుంటే ఓడ యాడ తిరుగుతాది మే, ఇసకలోనా?" అని హనుమంతప్ప నవ్వాడు.

"అట్లయితే వస్తా" అంది.

ఆమె ఎందుకు వస్తానందో తెలియాలంటే తొమ్మిదేళ్ళు వెనక్కి పోవాలి. వాళ్ళకు ఊళ్ళో నాలుగెకరాల చేను ఉంది. అందులో వక్కతోట పెట్టాలని హనుమంతప్ప పంతం. వక్కచెట్టుకు కాళ్ళు ఎప్పుడూ తడిగా ఉండాలి. అయిదు బోర్లు వేయించాడు, అయిదింటిలోనూ దుమ్మే లేచింది. ఆరో బోరు ఆరువందల అడుగులు దాటినా తెల్లటి దుమ్మే వస్తుంటే, ఆంజినమ్మ రిగ్గు లారీ పక్కన కొంగు నేలమీద పరిచి మొక్కుకుంది. గంగమ్మ తల్లీ, నీళ్ళు పడితే నిండునీళ్ళలో నీకు పట్టుచీరతో సారె పెడతా అని. ఏడువందల ఇరవై అడుగుల దగ్గర బురద ఎగజిమ్మింది, దాని వెనకాలే నీళ్ళు. ఆ నీళ్ళ కింద నిలబడి హనుమంతప్ప పిచ్చివాడిలా గంతులేశాడు.

ఆ వైపు చెరువు నిండి, అలుగు మీద నీళ్ళు పొర్లి మరువ పారితే ఆడవాళ్ళు గంగమ్మకు సారె పెడతారు. చీరను మడతల్లో పెట్టి ఇస్తే ఇచ్చినట్టు కాదు. మడతలు విప్పాలి, ఆ తల్లి కట్టుకోవాలి కదా. కొంగులో టెంకాయ, పసుపు, కుంకుమ, గాజులు మూటగట్టి నీళ్ళలోకి వదలాలి. వదిలాక వెనక్కి తిరిగి చూడకూడదు. ఇంటి గడప దాటేదాకా నోరు విప్పకూడదు. విప్పితే మొక్కు చెల్లదు.

ఆ నిండునీళ్ళే ఆంజినమ్మకు దొరకలేదు. ఆరేళ్ళపాటు చెరువులో నీళ్ళే లేవు. మూడేళ్ళ కిందట పెద్ద వానలు పడి మరువ పారింది, ఊరు ఊరంతా కదిలి పోయి సారె పెట్టింది. సరిగ్గా ఆ వారంలోనే ఆంజినమ్మ మామ కన్నుమూశాడు. ఏడాది మైల. మైల తీరేసరికి చెరువులో గొర్రెలు మేస్తున్నాయి. ఇప్పుడు బోరు దగ్గుతోంది. గంటసేపు పోసి, గాలి కక్కి ఆగిపోతోంది. తొమ్మిదేళ్ళ చెట్లు మట్టలు వేలాడేసుకుని నిలబడ్డాయి. చుట్టూ పదిమంది మనకన్నా లోతుకు వేసినారు, అందుకే అంటాడు హనుమంతప్ప. మొక్కు తీరలేదు, అందుకే అంటుంది ఆంజినమ్మ, మనసులోనే. పైకి అంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఒకసారి అని చూసింది. "నీళ్ళు తెచ్చింది రిగ్గు, గంగమ్మ గాదు. చీర పెట్టాలనుంటే రిగ్గు డ్రైవరుకు పెట్టు" అన్నాడు. ఆ తర్వాత ఆమె ఆ ఊసు ఎత్తలేదు. చీర మాత్రం కొనిపెట్టుకుంది.

ఇప్పుడు తోట బతుకుతుందా పోతుందా అన్నది ఆమె లెక్కలో ఈ నాలుగు రోజుల్లోనే తేలాలి.

రేవులో దిగినప్పుడు ఆమె ఓడను ఓడ అనుకోలేదు. వరసలు వరసలుగా కిటికీలు, పదకొండు అంతస్తులు. ఏదో పెద్దాసుపత్రి అనుకుంది. "ఓడ యాడుండాది?" అని అడిగితే, "నువ్వు నిలబడుకోనుండేది దాని నీడలోనే మే" అన్నాడు హనుమంతప్ప. ఆమె తల ఎత్తి, ఇంకా ఎత్తి, కొప్పు జారేదాకా ఎత్తి చూసింది.

వాళ్ళకిచ్చిన గది అయిదో అంతస్తులో ఉంది. కిటికీ లేదు. సముద్రం చూపిస్తామని తీసుకొచ్చి పెట్టెలో పెట్టినారే అని ఆంజినమ్మ విసుక్కుంది. బయట నడవా ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకటే తలుపు, ఒకటే రంగు. మన తలుపేదో తెలియాలి కదా అని తలుపు మీద చిన్న కుంకుమబొట్టు పెట్టుకుంది. గది తలుపు తీసేది ఒక అట్టముక్కలాంటి కార్డు. మనిషికొకటి ఇచ్చారు. "నువ్వు యాడన్నా పారేస్తావు" అని హనుమంతప్ప ఆమెది కూడా తన జేబులోనే వేసుకున్నాడు.

స్నానాల గదిలో గొట్టం తిప్పితే వేడినీళ్ళు వచ్చేలోపల చన్నీళ్ళు కాసేపు ఊరికే పోతున్నాయి. ఆంజినమ్మ ప్రాణం ఒప్పలేదు. చెత్త వేసుకోమని పెట్టిన డబ్బా కడిగి ఆ నీళ్ళు పట్టింది. ఆ నీళ్ళతో రవికలు రెండు ఉతికి, మిగిలినవి ఎక్కడ పొయ్యాలో తెలియక డబ్బాడు నీళ్ళు అట్లాగే మూలన పెట్టుకుంది. ఇంటిదగ్గర రెండు రోజులకోసారి వచ్చే కుళాయికి అలవాటుపడిన చెయ్యి అది, ఓడ ఎక్కినంత మాత్రాన మారదు.

మొదటి సాయంత్రం అందరికీ నీళ్ళలో తేలే కాషాయరంగు జాకెట్లు తొడిగి ఒక హాల్లో నిలబెట్టారు. ఓడలో పనిచేసే కృపాకుమారి అనే అమ్మాయి, విశాఖపట్నం మనిషి, తెలుగువాళ్ళకు తెలుగులో చెప్పింది. "ఏదన్నా ప్రమాదం జరిగితే కూత వినబడుతుంది. వినబడగానే అందరూ ఈ హాలుకే వచ్చేయాలి. కార్డులు చూస్తాం. ఎవరు రాలేదో మాకు వెంటనే తెలిసిపోతుందండీ." హనుమంతప్పకు బొజ్జ మీద జాకెట్టు తాడు అందలేదు. డీలర్లంతా నవ్వారు. వాళ్ళను తీసుకొచ్చిన కంపెనీ మేనేజరు దివాకర్, అనంతపురం మనిషి, ఆ తాడు లాగి కట్టి, "హనుమంతప్పన్నా, నువ్వు పడితే మునిగేది నువ్వు గాదు, సముద్రం" అన్నాడు.

ఓడ కదిలాక ఆంజినమ్మ పైకి పోయింది. పైన ఈతకొలను చూసి ముందు ముక్కున వేలేసుకుంది. సముద్రం మీద మళ్ళీ నీళ్ళతొట్టెందుకో ఆమెకు అర్థం కాలేదు. తాగే నీళ్ళు యాడనుంచి తెస్తారమ్మా అని కృపాకుమారిని అడిగింది.

"సముద్రం నీళ్ళే. ఓడలోనే మిషన్లు పెట్టి మంచినీళ్ళు చేస్తారండీ."

"ఉప్పునీళ్ళను తియ్యగా చేస్తారా?"

"చేస్తారండీ."

"చేసేది తెలిసి కూడా మా మడకశిరకు ఒక గొట్టం వెయ్యకపోతిరే" అంది ఆంజినమ్మ. కృపాకుమారి నవ్వింది. ఆంజినమ్మ నవ్వలేదు.

అప్పుడు కమ్మీ దగ్గరికి పోయి నీళ్ళు చూసింది. నాలుగు వైపులా నీళ్ళు. గట్టు లేదు, అవతల లేదు. చూస్తుండగానే ఆమెకు ఏడుపొచ్చింది, ఆ ఏడుపులో సగం కోపం. బిందెలు పట్టుకుని లైన్లో నిలబడిన పొద్దులన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. ఇన్ని నీళ్ళు ఈడ పెట్టుకోని మమ్మల్నెందుకు తల్లీ అట్ల ఆడిస్తివి అని గొణిగింది. తిట్టిన నోటితోనే దండం పెట్టింది. కిందికి దిగుతూ ఓడ వెనకవైపు నాలుగో అంతస్తులో నీళ్ళకు దగ్గరగా ఉన్న చోటొకటి చూసిపెట్టుకుంది. రేపు పొద్దున ఇక్కడే అనుకుంది.

మర్నాడు తెల్లవారింది. హనుమంతప్ప ముందురోజు విందు బరువుతో గురకపెడుతున్నాడు. ఆంజినమ్మ తలస్నానం చేసి, సంచి పట్టుకుని వెనకవైపుకు పోయింది. సూర్యుడు అప్పుడే నీళ్ళలోంచి లేస్తున్నాడు. ఓడ వెనకాల నురగ నాగటిచాలులా పారుతోంది. అక్కడ ఎవరూ లేరు. చీర మడతలు విప్పింది. కొంగులో టెంకాయ, మిగిలిన సారె అంతా పెట్టి గట్టిగా ముడివేసింది. టెంకాయ జుట్టు ముడిలోంచి బయటికి నిలబడింది. "తల్లీ, ఆలస్యమైంది, తప్పు నాదే. నిండునీళ్ళు నువ్వు చూపించినప్పుడే కదా నేను పెట్టేది. కట్టుకో. ఆ బోరును మాత్రం ఆపొద్దు." చీర వదిలింది. గాలికి ఆరు గజాలూ ఒక్కసారి ఉబ్బి, ఎర్రగా తిరిగి, నీళ్ళ మీద పడింది. ఆమె వెంటనే నీళ్ళకు వీపు పెట్టి నడిచింది. పెదాలు బిగబట్టుకుంది. ఇంటి గడప మడకశిర దగ్గరుంది కాబట్టి, ఈ నాలుగు రోజులూ నిద్రపోయే గది గడపే ఇంటి గడప అని గంగమ్మతో ముందే ఒప్పందం చేసుకుంది.

ఆమె చూడనిది పై అంతస్తుల్లో చూశారు. పొద్దున్నే నడకకొచ్చిన ఒకామెకు నురగలో ఎర్రచీర కనబడింది. చీర చివర గుండ్రంగా, వెంట్రుకలతో తల కనబడింది. ఆమె పెట్టిన కేక మూడు అంతస్తులకు వినబడింది. ఎవరో తేలే చక్రం ఒకటి నీళ్ళలోకి విసిరారు. క్షణాల్లో ఓడంతా కూత మొదలైంది.

ఆంజినమ్మ అప్పటికి అయిదో అంతస్తు నడవాలో ఉంది. తలుపు మీద బొట్టు వెతుక్కుంటోంది. బొట్టు లేదు. తెల్లవారకముందే ఎవరో తుడిచేసి పోయారు. గది నంబరు ఆమె చూసిందే గానీ గుర్తుపెట్టుకున్నది బొట్టునే. ఈ చివరకు పోయింది, ఆ చివరకు వచ్చింది. తలుపులన్నీ ఒకేలా ఉన్నాయి. ఇంతలో కూత వినబడింది. తలుపులు తెరుచుకుని జనం జాకెట్లతో పరుగులు పెట్టారు. నీలం చొక్కా మనిషి ఒకడు ఎదురొచ్చి హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఏదేదో అడిగాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కార్డు అన్నాడు. ఖాళీ చేతులు చూపించింది. పాపం మూగామె అనుకుని, చెయ్యి పట్టుకుని దగ్గర్లో ఉన్న హాలుకు తీసుకుపోయాడు. అది ఆమె హాలు కాదు. ఓడకు అటువైపుది, ఒక అంతస్తు పైన.

అక్కడ జనమంతా అద్దాల దగ్గరికి చేరి వేళ్ళు చూపిస్తున్నారు. ఆంజినమ్మ వాళ్ళ సందులోంచి చూసింది. ఓడ మెల్లగా, పెద్ద బండి మలుపు తిరిగినట్టు తిరుగుతోంది. గంగమ్మకు ఆమె వీపు పెట్టి నడిచిన మాట నిజమే, ఆమె వెనక్కి తిరగలేదు, తిరిగింది ఓడ. దూరంగా నీళ్ళమీద ఎర్రటి చుక్క. ఒక చిన్న పడవ దాని వైపు దిగుతోంది.

పదిహేను వందల మంది ఎక్కిన ఓడ తన చీర కోసం ఆగిపోయింది. చెప్పేయాలి. కానీ చెప్పాలంటే నోరు విప్పాలి, విప్పితే తొమ్మిదేళ్ళ మొక్కు నీళ్ళపాలు, తోట ఎండిపోతుంది. గడప ఒక్కటి దాటితే చాలు, ఎవరితోనైనా ఏదైనా చెప్పొచ్చు. జనం చూడకుండా ఆమె పక్క తలుపులోంచి బయటి వసారాలోకి జారుకుంది. కిందికి దిగే మెట్లకు తాడు అడ్డం కట్టారు. ఎటు పోవాలో తెలియక కమ్మీ పట్టుకుని కిందికి చూసింది.

కింది వసారాలో హనుమంతప్ప ఉన్నాడు.

కాళ్ళకు చెప్పుల్లేవు. బనీను, లుంగీ. ఒక కాలు కమ్మీ మీద వేశాడు. దివాకర్ నడుము పట్టుకుని లాగుతున్నాడు, కృపాకుమారి చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. వాళ్ళ హాల్లో లెక్క తేల్చారు. ఒక్క మనిషి తక్కువైంది. పడినామె ఎర్రచీర కట్టుకుందని చెబితే, ముందు హనుమంతప్ప, "ఎర్రచీరా? మాదానికి ఎర్రచీర ల్యాదు, అది మాది గాదు" అని అందరి మొహాలూ చూసి నవ్వాడట. లెక్కలో తక్కువైన పేరు చదివాక ఇంక ఆగకుండా, చీర కనబడే ఈ వైపుకు పరిగెత్తుకొచ్చాడట. ఇదంతా కృపాకుమారి తర్వాత చెప్పింది.

ఇప్పుడు మాత్రం ఆంజినమ్మకు అతని గొంతు వినబడుతోంది. ఆ గొంతు ఆమె ముప్పై ఏళ్ళలో వినలేదు.

"దానికి ఈత రాదు సామీ, వదలండి నన్ను. దానికి చన్నీళ్ళు పడవు, తెల్లార్లూ దగ్గుతాది. గంగమ్మా! నా మాటిను తల్లీ. నేను నిన్ను ఎగతాళి చేసినందుకు దాన్ని తీసుకుంటావా? నన్ను తీసుకోవల్ల గదా. నా వక్కతోట ఉండాది. తొమ్మిదేండ్ల చెట్లు. తీసుకో. బోరు తీసుకో, నీళ్ళన్నీ తీసుకో, ఒక చెట్టు గూడా నాకొద్దు. దాన్ని నాకిచ్చెయ్ తల్లీ."

రెండో కాలు కూడా ఎత్తాడు. దివాకర్ చేతులు జారుతున్నాయి.

పైన ఆంజినమ్మ కమ్మీ మీదికి ఇంకా వంగింది. ఏ తోట కోసం తాను నోరు మూసుకుని నిలబడిందో, ఆ తోటనే కింద అతను తన కోసం పారబోస్తున్నాడు. ఆమె ఇంక ఆలోచించలేదు.

"ఏమయ్యా! నేనీడుండా! తోట ఎందుకిస్తావు, నేనీడుండా! పైన సూడు!"

హనుమంతప్ప తల ఎత్తాడు. కాళ్ళు దించి, మొహం ఎర్రగా చేసుకుని, "యాడ సచ్చింటివే!" అని ఓడ అదిరేటట్టు అరిచాడు. అరిచి, వసారాలో నేలమీద చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పడవవాళ్ళు ముప్పావుగంట తర్వాత టెంకాయతో సహా చీర పట్టుకొచ్చారు. కెప్టెన్ గదిలో బల్ల మీద పరిచారు. నీళ్ళు కారి బల్లంతా పసుపూ కుంకుమా అయింది. దివాకర్ ఆంజినమ్మ చెవిలో, "అక్కా, గాలికి ఎగిరిపాయ అని చెప్పు, అంతే" అన్నాడు. ఆమె వినలేదు. మొక్కు దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పింది. కృపాకుమారి ఇంగ్లీషులో చెబుతూ మధ్యలో రెండుసార్లు ఆగి కళ్ళు తుడుచుకుంది. కెప్టెన్ అంతా విని, సముద్రంలో ఏదీ వెయ్యకూడదని, విశాఖపట్నంలో దిగిపోవాల్సిందేనని చెప్పాడు. చివర్లో, పడవ మనిషిని తేకుండా టెంకాయను తెచ్చినందుకు తనకు సంతోషమేనని కూడా అన్నాడు. హనుమంతప్ప ఇవేవీ విన్నట్టు లేదు. గదిలో ఉన్నంతసేపూ పెళ్ళాం కొంగు చివర గుప్పిట్లో పట్టుకునే కూర్చున్నాడు.

విశాఖపట్నం నుంచి హిందూపురం దాకా రైలు. డీలర్లలో పరువు పోయింది, వచ్చే ఏడు ఏ టూరులోనూ పేరుండదు. గుంటూరు దాటాక ఆంజినమ్మే మొదలుపెట్టింది.

"అంతమాట ఎట్ల అంటివయ్యా? తొమ్మిదేండ్లు సాకిన చెట్లు."

"ఆ పొద్దు ఏమిచ్చినా తక్కువే అనిపించె" అన్నాడు హనుమంతప్ప కిటికీ వైపు చూస్తూ. "ఇంకా ఏమన్నా ఉండింటే అదీ ఇచ్చిందును. నువ్వెందుకు నోరు తెరిస్తివి మరి? మొక్కు పాయ గదా."

"నువ్వు దూకితే తోట నేనేం చేసుకోవల్ల?" అంది.

ఇంటికొచ్చాక బోరు ముందులాగే గంట పోసి దగ్గి ఆగుతోంది. తోట చావలేదు, బతకలేదు. మారింది హనుమంతప్ప. అంగట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండడు. ఆంజినమ్మ గొంతు సవరించుకుందని ఎవరో చెబితే మూటలు వదిలేసి బండేసుకుని వస్తాడు. ఆమెను బావి వైపు పోనివ్వడు. బిందె ఎత్తనివ్వడు. తోటకు పోతే మోటారు దగ్గర నిలబడతాడు, స్విచ్చి మీద చెయ్యి పెడతాడు, తీసేస్తాడు. మళ్ళీ పెడతాడు. వేస్తే నీళ్ళు పారుతున్నంతసేపూ ఆమెను చూస్తూ ఉంటాడు. దేవుడికి దండం పెట్టమంటే ఎగతాళి చేసే మనిషి, ఇప్పుడు ఏదో భయంతో అన్నం కూడా సరిగా తినడు.

పదిహేను రోజులు చూసి ఆంజినమ్మ నిలదీసింది. "ఏమైంది నీకు?"

చివరికి చెప్పాడు. "గంగమ్మకు మాటిచ్చి తోట ఇంకా పెట్టుకోనుండా మే. ఆమె తిరిగిచ్చిన నిన్ను మళ్ళీ తీసుకుంటే నేనేం చెయ్యల్ల? తోటను చంపేకి చేతులు రావు, చంపకుంటే నిద్ర రాదు."

మర్నాడు పొద్దున ఆంజినమ్మ మొగుడికన్నా ముందే తోటకు పోయింది. గట్టు పక్క వరస నుంచి మొదలుపెట్టి ఒక్కో చెట్టు మొదలు మీద చెయ్యి వేస్తూ నడిచింది. మొలకలు నాటినప్పుడు ఎండకు అరటాకులు అడ్డం పెట్టింది ఆమే. ఏ చెట్టు ఏ ఏడు మొదటి గెల వేసిందో ఆమెకు తెలుసు. చివరి వరస దాకా ఏడుస్తూనే నడిచింది. హనుమంతప్ప వచ్చేసరికి కరెంటు వచ్చింది. ఆమె మోటారు డబ్బా తెరిచి నిలబడి ఉంది.

"ఈ తోట పాసుబుక్కు ఎవరి పేరుమీద ఉండాది?" అని అడిగింది.

"నీ పేరుమీదే. డ్రిప్పు సబ్సిడీకని రాయిస్తిమి గదా. ఇప్పుడెందుకది?"

"నా తోటను నువ్వెట్ల ఇస్తివి? నన్ను అడిగినావా? నీ మాట చెల్లదు."

హనుమంతప్ప మొహంలోకి ముందు ఆశ వచ్చింది. మరుక్షణమే భయం వచ్చింది. చెల్లని మాటకు పెళ్ళాన్ని తిరిగి తెచ్చుకున్నాడు, మరి ఆ తల్లి ఊరుకుంటుందా. అతను గబగబా వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఆంజినమ్మ ఆ చెయ్యి విడిపించుకుంది. డబ్బాలోంచి మూడు ఫీజులూ ఒకటొకటిగా పీకి కొంగులో వేసుకుంది.

"నాది కాబట్టి నేనిస్తాండా. ఇప్పుడు చెల్లుతాది" అంది. "నువ్వింక నెమ్మదిగా అంగట్లో కూర్చో. నేను దగ్గితే పరిగెత్తుకోని రావద్దు."

హనుమంతప్ప గట్టు మీద కూలబడ్డాడు. ఆమె కూడా వచ్చి పక్కన కూర్చుంది. ఎండ వేడెక్కేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.